“ఒక్క బోటీ తింటే ఏమవుతుంది మియా?”

మన దావతుల్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకూ ఇదే, బీపీ ఉన్నవాళ్లకూ ఇదే. మొహబ్బత్‌తో అనే మాటే, కాదనను. కానీ మా మామూకు ఆ మొహబ్బత్ వల్ల 5 రోజులు హాస్పిటల్లో ఉండాల్సి వచ్చింది.

మామూకు గుర్దాలు రెండూ పాడయ్యాయి. రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నారు. చివరికి ముమానీ తన గుర్దా ఒకటి ఇచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. నాలుగు నెలల తర్వాత మా ఖాందాన్‌లో ఒక వలీమా. ముమానీ ఇంటి నుంచే టిఫిన్ డబ్బా తెచ్చారు. అందులో అన్నం, ఉప్పు తగ్గించిన ఖట్టీ దాల్, బాగా ఉడికిన కోడి సాలన్. డబ్బా విప్పగానే బంధువులు చుట్టూ చేరారు. “దావత్‌కొచ్చి డబ్బా తింటారా? ఇంటివాళ్ల ఇజ్జత్ ఏం కావాలి?” అంటూ ఒకరు కబాబ్ వేశారు, ఒకరు కచూంబర్ వేశారు, ఇంకొకరు రైతా పోశారు. ముమానీ వద్దంటుంటే ఒక పెద్దావిడ “మొగుణ్ని ఆకలితో మాడుస్తున్నావా బేటీ” అన్నారు, నవ్వుతూనే. మామూ మొహమాటానికి తిన్నారు.

మర్నాటి రాత్రికి వాంతులు, విరేచనాలు. రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. అల్లాహ్ దయవల్ల గుర్దా దక్కింది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ముమానీ నాతో ఒక్క మాటే అన్నారు: “వాళ్లు పెట్టింది కబాబ్. పోయేది నా గుర్దా.”

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గుర్దా అయినా, జిగర్ అయినా, మార్పిడి చేశాక శరీరం దాన్ని పరాయిదిగానే చూస్తుంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన కిడ్నీ మార్పిడి సఫలమైందంటే కారణం, ఇచ్చిన వ్యక్తీ తీసుకున్న వ్యక్తీ ఒకే పోలిక కవలలు కావడం. మిగతావాళ్లకు మందులే దిక్కు. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ లాంటివి మన ఒంట్లోని ఫౌజ్‌ను అణిచి ఉంచుతాయి. అవయవం మీద దాడి జరగకుండా చూస్తాయి. కానీ అదే ఫౌజ్ కదా జెర్మ్స్ నుంచి కూడా కాపాడాల్సింది! మనకు ఒకపూట కడుపునొప్పితో పోయేది వాళ్లకు ఐసీయూ దాకా వెళ్లొచ్చు. మొదటి కొన్ని నెలల్లో మందుల మోతాదు ఎక్కువ కాబట్టి ఖత్రా కూడా ఎక్కువ.

కాబట్టి వాళ్లకు దుష్మన్ మటన్ కాదు. లోపల ఎర్రగా మిగిలిన కబాబ్, సగం ఉడికిన గుడ్డు, ఎవరు ఏ నీళ్లతో కడిగారో తెలియని కచూంబర్, ఫంక్షన్ హాల్లో గంటల తరబడి బయటే ఉన్న రైతా, బండి మీద కోసిన పండ్లు, కాచని పాలు, ఇవీ దుష్మన్‌లు. ఇంట్లో అప్పుడే వండి వేడివేడిగా పెడితే చికెన్, చేప, దాల్ అన్నీ బలమే. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి కూడా. ఒకే పళ్లెంలో కలిసి తినడం మన రివాజ్. వాళ్లకు మాత్రం పళ్లెం వేరుగా పెడదాం. అది దూరం పెట్టడం కాదు, హిఫాజత్.

ఇంకో సంగతి. పండు ఏదైనా మంచిదే అనుకుంటాం. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ మాత్రం టాక్రోలిమస్‌ను రక్తంలో మోతాదు మించి పెంచుతాయి. ఆ విషం మళ్లీ గుర్దా మీదే పడుతుంది. దానిమ్మ, కొబ్బరి నీళ్ల గురించి కూడా డాక్టరును అడిగాకే ఇవ్వాలి.

పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చే నుస్ఖాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకరు కలోంజీ పొడి, ఒకరు తిప్పతీగ రసం, ఒకరు ఏదో మాజూన్. “ఇమ్యూనిటీ పెరుగుతుంది” అంటారు. అరే భాయ్, ఆ ఇమ్యూనిటీని తగ్గించడానికే కదా రోజూ అన్ని గోలీలు మింగుతున్నది! దువా చేయండి, అది చాలు. నుస్ఖా మాత్రం డాక్టరుకు చూపించకుండా ఇవ్వకండి.

ఇంకో ఖత్రా కూడా ఉంది. స్టెరాయిడ్ వల్ల ఆకలి విపరీతంగా వేస్తుంది. బరువు పెరుగుతుంది. అంతకుముందు షుగర్ లేనివాళ్లకు కూడా రావచ్చు. ఏళ్ల తరబడి డయాలసిస్ పథ్యంతో నోరు కట్టుకున్న మనిషికి డబుల్ కా మీఠా ఎదురుగా పెడితే ఆగడం ఎంత కష్టమో ఆలోచించండి. అచార్, పాపడ్, డాల్డా వేసిన బగారా రోజూ తింటే బీపీ పెరిగి కొత్త గుర్దా కూడా అలిసిపోతుంది.

ఇక రంజాన్. మామూ 40 ఏళ్లుగా ఒక్క రోజా వదల్లేదు. వదలాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఈ మందులు చాలామందికి 12 గంటలకోసారి, గడియారం చూసి వేసుకోవాల్సినవి. మన రోజా ఎండాకాలంలో 13, 14 గంటలు ఉంటుంది. నీళ్లు తగ్గినా గుర్దాకు కష్టమే. బీమార్లకు రోజా నుంచి రుఖ్సత్ సూరె బఖరాలోనే ఉంది. తర్వాత ఉంచగలిగితే ఖజా, అసలు ఉంచలేనివాళ్లకు ఫిద్యా. డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవాలి. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను తీసుకోవడం ఈమాన్ తగ్గడం కాదు. “మా చచ్చా ఆపరేషనయ్యాక కూడా ముప్పై రోజాలు ఉన్నారు” అని వాళ్ల ముందు ఫఖర్‌గా చెప్పేవాళ్లు కాస్త నోరు కట్టుకోవాలి.

ఇవన్నీ డిశ్చార్జి రోజున డైటీషియన్ ఇచ్చే కాగితంలో ఉంటాయి. కానీ ఆ కాగితం ఇంట్లో ఆడవాళ్ల చేతికే వస్తుంది. కాపలా వాళ్లదే, తానాలూ వాళ్లకే. వండేదీ, వద్దనేదీ, చెడ్డదనిపించుకునేదీ వాళ్లే. మా ముమానీ గుర్దా ఇచ్చి కూడా “కంజూస్” అనిపించుకున్నారు. దీన్ని మార్చాల్సింది డాక్టరు కాదు, మనమే.

ఆ కాగితాన్ని ఖాందాన్‌లో నలుగురం చదువుదాం. దావత్‌కు పిలిచేముందు “మామూ ఏం తినొచ్చు?” అని ఫోన్ చేసి అడుగుదాం. డబ్బా తెచ్చుకుంటే జిద్ చేయకుండా పక్కనే కూర్చుని తిందాం. మెహమాన్‌ను తృప్తిగా పంపడమే మెహమాన్‌నవాజీ అయితే, క్షేమంగా పంపడం కూడా అందులో భాగమే కదా.

ఒకరి ఒంట్లోంచి తీసి ఇంకొకరి ఒంట్లో పెట్టిన ఆ గుర్దా అమానత్. దాన్ని కాపాడే బాధ్యత మామూ ఒక్కరిదే కాదు. ఆయన పళ్లెంలో వడ్డించే ప్రతి చేతిదీ.