తాళాన్ని పరాయి చెవితో తిప్పి చూడండి

బాలలూ! బజారులో కొత్త తాళం కొన్నప్పుడు ఇంటికొచ్చి ఏం చేస్తారు? చెవి పెట్టి తిప్పుతారు. తెరుచుకోగానే సంతోషిస్తారు. పక్కింటివాళ్ల చెవికి కూడా అది తెరుచుకుంటుందేమోనని ఎవరైనా చూస్తారా? తాళానికి అసలు పరీక్ష అదేనని నేనంటాను.

పెద్ద కొడప్‌గల్‌లో మీరూ మీ స్నేహితులూ రాసిన కంప్యూటర్ ప్రోగ్రాములన్నీ ఒకే కంప్యూటర్‌లో దాచారనుకోండి. ఒకరు రాసింది మరొకరు చదవవచ్చు గాని చెరపకూడదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ మార్పుల చరిత్రనంతా భద్రపరుస్తుంది. కాని ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో అది తేల్చదు. ఆ కాపలా పనికోసం 2009లో గిటోలైట్ వచ్చింది. రాసినాయన హైదరాబాదు వాసి సీతారాం చామర్తి.

ఇందులో ప్రతివారికీ రెండు చెవులుంటాయి. రహస్యమైనది మీ దగ్గరే ఉంటుంది, దాని జోడు కాపలాదారు దగ్గర. అందరూ ఒకే ఖాతా అనే ఒకే గుమ్మంలోంచి వస్తారు. చెవిని బట్టి మనిషిని గుర్తుపట్టి, నియమాల ఫైలు చూసి, ‘నువ్వు చదువుకో, నువ్వు రాసుకో, నువ్వు బయటే ఉండు’ అంటుందన్నమాట.

ఇదేమంత పెద్ద విషయం అంటారా? 2011లో లైనక్స్ మూలప్రతులుండే కెర్నెల్ డాట్ ఆర్గ్ కంప్యూటర్లలోకే దొంగలు చొరబడ్డారు! అంతకుముందు వందలాదిమందికి అక్కడ నేరుగా లాగిన్ అయ్యే వీలుండేది. ఆ తరువాత గిటోలైట్‌ను కాపలా పెట్టారు. ప్రోగ్రాము పంపేవారు ఇక కంప్యూటర్ లోపల తిరగనక్కరలేదు.

అయితే దీన్ని తెచ్చీ తేగానే అసలు ప్రోగ్రాములున్న ఖాతాలో పెట్టకండి. పాత కంప్యూటర్‌లో, పోయినా ఫరవాలేని కొత్త ఖాతా తెరవండి. గిటోలైట్‌తో వచ్చే పరీక్ష ప్రోగ్రాములు, నడిపిన ఖాతాలోని రిపాజిటరీలను తుడిచిపెట్టేస్తాయి. అవి మీ నిజమైన పని అయితే ఏం కావాలి?

ఖాళీ ఖాతాలో ఉత్తుత్తి ప్రోగ్రాములు రెండు పెట్టి, ఒక స్నేహితుడికి అనుమతివ్వండి, ఇంకొకరికి ఇవ్వకండి. మొదటివాడు లోపలికి వెళ్లగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. నాకు నచ్చని అలవాటు ఇదే. రెండోవాణ్ణి ప్రయత్నించమనండి. వాడు కూడా వెళ్లాడా? వాడి చెవి అదే ఖాతాలో మామూలు లాగిన్ కోసం ఇదివరకే పెట్టి ఉందేమో చూడండి. అలా ఉంటే వాడు కాపలాదారును తప్పించుకుని పెరటి గుమ్మంలోంచి వస్తున్నట్టే!

ఇంకొక తమాషా. నియమాల ఫైలు కూడా ఒక రిపాజిటరీలోనే ఉంటుంది. అందులోంచి మీ చెవినే తీసేస్తే మీరూ బయటే. కావాలనే ఒకసారి అలా చేసి, మళ్లీ లోపలికి వెళ్లే దారి వెతకండి. ఇదంతా వృథా శ్రమ అని పెద్దవాళ్లు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి! అసలు ఖాతాలో ఆ తిప్పలు వచ్చిన రోజున వాళ్లు పిలిచేది మిమ్మల్నే.