రేగడిలో కోటి రూపాయల బండి

సోలాపూర్ తూర్పు భాగంలో పద్మశాలీల పేటలు ఇరుకు. మరమగ్గాల కార్ఖానా ముందు పెద్ద ఎస్‌యూవీ ఆగి ఉండగా నూలు బేళ్ల టెంపో ఎదురొస్తే, రెండిట్లో ఒకటి వెనక్కి పోవాల్సిందే. అంత బండి కొన్నాక సందుల్లో తిప్పడమేమిటని యజమానికి అనిపించడంలో వింత లేదు. గాలాలు డిక్కీలో వేసుకుని, ఎవరూ పోని చోటికి, ఉజని జలాశయం అంచుదాకా దూసుకుపోవాలనిపిస్తుంది.

ప్రకటనలూ అదే ఊరిస్తాయి. గాలి సస్పెన్షన్ ఉన్న డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలోనూ నడుస్తుందని కంపెనీ చెబుతుంది. నడుస్తుంది కూడా. ఉజనిలో చిక్కు మాత్రం నీళ్లతో కాదు, నీళ్లు వదిలి వెళ్లిన నేలతో.

భీమా నదిపై 1980లో పూర్తయిన ఈ డ్యామ్ సామర్థ్యం సుమారు 117 టీఎంసీలు. అందులో 63 టీఎంసీలకు పైగా మృత నిల్వే. కరువు ఏడాది నీటిమట్టం దానికీ కిందికి పోతుంది. ఇందాపూర్ వైపు మునిగి ఉండే పళస్‌దేవ్ పాత గుడి అప్పుడే బయటపడుతుంది. ఒడ్డు వెనక్కి జరిగితే చేపలు దొరికే చోటూ జరుగుతుంది. పోయిన నెల గాలం వేసిన చోట ఈ నెల బురద.

ఆ బురద మోసం చేస్తుంది. పైన ఎండి బీటలు వారిన పెచ్చు మనిషిని మోస్తుంది, జానెడు కింద మెత్తటి ఒండ్రు ఉంటుంది. రెండు టన్నులు దాటిన బండి ఎక్కగానే పెచ్చు విరుగుతుంది. డ్రైవరు కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు. చక్రం తిరిగిన కొద్దీ తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. బండి పొట్ట నేలకు ఆనిందా, నాలుగు చక్రాలకూ పట్టు పోయినట్టే. ముందే టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గించి, లో రేంజ్ గేరులో నిదానంగా పోతే కొంత మేలు. కానీ వాన పడితే నల్లరేగడి ఉబ్బి టైరు గాళ్లలో నిండిపోతుంది, టైరు నున్నగా జారుతుంది. ఆఖరికి చెరకు రైతు ట్రాక్టరే దిక్కు.

బండి చిక్కుకోవడం యజమాని నష్టం. చిక్కుకోకుండా పోయినా ఇతరులకు నష్టమే. నీళ్లు తగ్గిన నేలలో రైతులు పైరు వేస్తారు, జాలర్లు వలలు ఆరేస్తారు. సోలాపూర్ పక్కనే నాన్నజ్‌లో 1979లో ఏర్పడిన బట్టమేకపక్షి అభయారణ్యం ఉంది. ఆ పక్షి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ కటిక నేల మీద పెడుతుంది. కారులోంచి చూసేవాడికి అది ఉత్త గడ్డి మైదానం. అనుమతి లేకుండా చొరబడితే మాత్రం నేరం. 2022 ఏప్రిల్‌లో లదాఖ్‌లోని పాంగాంగ్ సరస్సులో ఆడి కారు నడిపిన వీడియో చూసి దేశమంతా మండిపడింది. ఉజని ఒడ్డున పైరు తొక్కిన బండికి అలాంటి వీడియో ఉండదు.

కాబట్టి తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి, మిగతాది నడవాలి. ఉజనిలో చిలాపి, బొచ్చె పట్టే జాలర్లు చిన్న పడవల్లో పోతారు, ఫోర్ వీల్ డ్రైవ్‌తో వాళ్లకు పనేమీ లేదు. నడవడం కష్టమనుకుంటే తుల్జాపూర్ రోడ్డు పక్కనే హిప్పర్గా చెరువుంది. బ్రిటిష్ కాలంలో కట్టిన ఆ చెరువుకు పాత లూనా మీదైనా పోవచ్చు. గాలం వేసేముందు అక్కడ చేపల హక్కు ఎవరిదో అడిగితే సరి.

– బాటసారి