సర్వర్‌ను తిట్టే ముందు

దువ్వూరు లాంటి మండల కేంద్రంలో ఏ ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లినా వినపడే మాట ఒకటుంది: ‘కూచో పెద్దాయనా, సర్వర్ బిజీగా ఉండాది.’ పెద్దాయన వేలిముద్ర వేసి కూర్చుంటాడు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పక్క సిస్టంలో ఎవరిదో పెళ్లి వీడియో యూట్యూబ్‌కు ఎక్కుతుంటుంది. దాన్నెవరూ అనుమానించరు. తిట్లన్నీ సర్వర్‌కే.

సర్వర్ మొరాయించే రోజులు లేవని కాదు. అయితే చాలాసార్లు దోషం గోడకు తగిలించిన రూటర్ పెట్టెలోనే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ హైదరాబాద్‌లో ఉందనుకుంటే, అక్కడిదాకా కేబుల్ చుట్లు తిరిగి 600 కిలోమీటర్లయినా 3 మిల్లీసెకన్లు చాలు. ఇక పెట్టె సంగతి. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉన్న లైనులో రూటర్ 1 ఎంబీ ప్యాకెట్లను వరసలో ఆపుకుంటే, అవి బయటపడడానికి 4 సెకన్లు. వేలిముద్ర ప్యాకెట్ ఎంత చిన్నదైనా అంతసేపూ వీడియో వెనక నిలబడాల్సిందే. హైవేమీద వరిగడ్డి ట్రాక్టర్ల వెనక బైకు ఇరుక్కున్నట్టు. పైగా ఒక్కో జవాబు వచ్చేదాకా ఆగి తర్వాతిది పంపే యాప్ అయితే, ఆ నిరీక్షణ ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. మెమరీ చవకయ్యేసరికి పెట్టెల్లో నిల్వ ఎడాపెడా పెంచేశారు. ఒక్క ప్యాకెట్టూ పోకూడదన్న పట్టుదల. కానీ డేటాను పంపించే టీసీపీ పద్ధతి తీరు వేరు. మామూలుగా ప్యాకెట్ పోయినప్పుడే అది జోరు తగ్గిస్తుంది, పోనంతసేపూ కుమ్మరిస్తూనే ఉంటుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెట్టిస్ ఈ జబ్బును లోకం దృష్టికి తెచ్చాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ‘కోడెల్’ అనే మందు ఇచ్చారు. ప్యాకెట్లు వరసలో 5 మిల్లీసెకన్లకు మించి ఆగడం కాసేపు కొనసాగితే, కొన్నిటిని కావాలనే పారేస్తుంది. వీడియోకు వేరే వరస, వేలిముద్రకు వేరే వరస పెట్టే రకం కూడా తర్వాత వచ్చింది. రెండూ లైనక్స్‌లో ఉచితం.

యాప్ రాసేవాళ్ల వంతూ ఉంది. ముందు పంపింది అందిందన్న కబురు వచ్చేదాకా చిన్న ముక్కల్ని కూడబెట్టి ఆపమనే పద్ధతిని జాన్ నేగల్ 1984లో పెట్టాడు. అప్పటి సన్న లైన్లకు అది వరమే. ఇప్పుడు అవతలి యంత్రం ఆ కబురు ఆలస్యంగా చెబితే, ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఊరికే కాచుకుంటారు. దాన్ని ఆపడానికి ప్రోగ్రాములో ఒక్క సెట్టింగ్ చాలు.

2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ అంది. మంచి పనే. కేంద్రం 2023లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని కనీసం 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అదీ మంచిదే. కానీ ఎంతసేపూ ఎంబీపీఎస్ గోలే తప్ప, లైను నిండా పని ఉన్నప్పుడు చిన్న ప్యాకెట్ గతేమిటని అడిగే నాథుడు లేడు.

కనెక్షన్ ఇచ్చేవాళ్లు వచ్చినప్పుడు మీరు అడగండి. ఒక ఫోన్‌లో పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి, ఇంకోదాంట్లో పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం, ఎంత చూపిస్తోందో వాళ్ల ఎదుటే చూడండి. మామూలుగా 30 మిల్లీసెకన్లు ఉన్నది వందల్లోకి ఎగబాకితే, ప్లాన్ మార్చడం కన్నా ముందు రూటర్ మార్చమనండి. సచివాలయాలకు పెట్టెలు కొనే అధికారులూ టెండరులో ఈ ఒక్క పరీక్ష చేర్చాలి.