ప్రింటర్ పోయింది, డ్రైవర్ మిగిలింది

సెలైన్ ఆపి రెండు రోజులైనా రోగి చేతికి కాన్యులా అలాగే ఉంటే రౌండ్స్‌లో మేము ఊరుకోము. "ఇదెందుకు ఉంచారు సిస్టర్?" అని అడిగితే, "మళ్లీ అవసరం పడుతుందేమోనని మేడమ్" అంటారు. ఈ జవాబు ఏళ్ల తరబడి వింటున్నాము. వాడని కాన్యులా రోగికి ఏ మేలూ చేయదు. చర్మం మీది క్రిములు రక్తంలోకి పోవడానికి దారి మాత్రం తెరిచి ఉంచుతుంది. మన ఆసుపత్రి కంప్యూటర్లలో కూడా ఇలాంటి కాన్యులాలు ఉంటాయి. వాటిని తీయించే బాధ్యత ఒక్క కంప్యూటర్ గదిలోని వారిది కాదు, వార్డులో పనిచేసే మనది కూడా అని మా అభిప్రాయం.

కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. మెమరీ, డిస్కు, ప్రోగ్రాములు అన్నీ దాని అదుపులోనే ఉంటాయి. ప్రింటర్, స్కానర్ వంటి పరికరాలతో పని చేయించడానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తారు. చాలా డ్రైవర్లు కెర్నెల్ లోపలే, దానికున్న అధికారంతోనే పనిచేస్తాయి. అందుచేత డ్రైవర్‌లో లోపం ఉంటే అది చేతులు కడుక్కోకుండా థియేటర్‌లోకి వచ్చిన మనిషితో సమానం.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాము. హెచ్‌పీ, శాంసంగ్, జెరాక్స్ కంపెనీల అనేక ప్రింటర్లతో వచ్చే ఒక విండోస్ డ్రైవర్‌లో పెద్ద లోపం ఉందని సెంటినెల్‌వన్ అనే సంస్థ పరిశోధకులు 2021లో కనుగొన్నారు. ఆ లోపం 2005 నుండి, అంటే పదహారేళ్లుగా ఎవరి కంటా పడలేదు. పంపిన సమాచారం తన దగ్గరున్న చోటులో పడుతుందో లేదో ఆ డ్రైవర్ చూసుకోదు. చిన్న సీసాలో పెద్ద సీసా మందు పోస్తే పొర్లినట్టు అది పక్క మెమరీలోకి పొర్లుతుంది. ఆ పొర్లే సమాచారాన్ని తెలివిగా తయారుచేస్తే, మామూలు గుమాస్తా లాగిన్‌తో ఉన్నవాడు కూడా కంప్యూటర్ అంతటికీ యజమాని కాగలడు. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినది మరొకటి. ప్రింటర్ తగిలించి లేకపోయినా, కంప్యూటర్ వేసినప్పుడల్లా ఆ డ్రైవర్ లేచి కూర్చుంటుంది. ప్రింటర్ పాత సామాన్ల గదికి పోయినా కాన్యులా చేతికే ఉందన్నమాట!

"లోపలికి వచ్చినవాడికే కదా ఆ లోపం పనికొచ్చేది" అని కొందరు అంటారు. నిజమే. అప్పటికి దాన్ని ఎవరూ దుర్వినియోగం చేసిన జాడ లేదని కనుగొన్నవారే చెప్పారు. కంపెనీ 2021 మే నెలలో సవరణ కూడా ఇచ్చింది. అయితే చర్మం మీది క్రిమి కూడా దారి దొరికే వరకు ఏమీ చేయదు కదా. ఒక దొంగ మెయిల్ తెరిచినా, ఎవరిదో పెన్ డ్రైవ్ పెట్టినా శత్రువు గుమ్మంలోకి వచ్చినట్టే. మిగిలిన తలుపులు ఇలాంటి లోపాలే తెరుస్తాయి.

"మన చిన్న ఆసుపత్రి జోలికి ఎవరొస్తారు?" అనేది రెండవ మాట. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులను ప్రత్యేకంగా గురిపెట్టి రాలేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే డ్రైవర్ లోపం ద్వారా దొరికిన కంప్యూటర్లోకల్లా పాకింది. దానికి మందు మార్చిలోనే విడుదలైంది, వేసుకోనివారే దెబ్బతిన్నారు. అక్కడి 236 ట్రస్టులలో కనీసం 80 ఇబ్బంది పడ్డాయి. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా వేశారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు పనులు చేతిరాతతో నడిపారు. ఎక్కించవలసిన రక్తం గ్రూపు, పడని మందు పేరు తెరమీద కనబడకపోతే ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

కాబట్టి యాజమాన్యానికి మా మనవి ఇది. ఏ వార్డులో ఏ కంప్యూటర్ ఉంది, దానికి ఏ పరికరాలు ఉన్నాయి అనే జాబితా తయారుచేయాలి. పరికరం తీసివేసిన రోజే దాని డ్రైవర్‌ను కూడా తీయించి, రిజిస్టరులో సంతకం చేయించాలి. అప్‌డేట్లకు పని తక్కువగా ఉండే వేళ ఒకటి నిర్ణయించాలి. కంపెనీవారు మార్చనివ్వని ల్యాబ్ యంత్రాల కంప్యూటర్లను అంటువ్యాధి రోగిని వేరు గదిలో ఉంచినట్టు మిగతా నెట్‌వర్క్ నుండి వేరుచేయాలి. కంప్యూటర్లు ఆగిపోయినా పని సాగేలా కాగితపు కేస్ షీట్లతో అప్పుడప్పుడు సాధన చేయించాలి.

సిస్టర్లకు కూడా ఒక మాట. అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ "తరువాత" అనే బటన్ నొక్కడం మనకు అలవాటైంది. మేమూ నొక్కినవాళ్లమే. డ్రెస్సింగు మార్చవలసిన రోగికి "తరువాత" అని ఎన్ని రోజులు చెబుతాము?

దొంగ ఏ జామున వస్తాడో ఇంటి యజమానునికి తెలియదని ప్రభువు తన శిష్యులను హెచ్చరించాడు. రోగులు తమ దేహాలతోపాటు తమ రహస్యాలను కూడా మనకు అప్పగించారు. వాటికి కావలి ఉండడం కూడా మన పరిచర్యలో భాగమే.