గుర్రాల లెక్క ఆపండి, ఇంజన్లు పీకకండి

కొంచెం పొడుగు పోస్టు. షెడ్డులో పాత కారు ఉన్నవాళ్లూ, ఆ కారు మీద కన్నేసిన కొడుకులూ మనవళ్లూ ఉన్నవాళ్లూ మాత్రం చివరిదాకా చదవండి.

ఉగాదికి మన సంఘం పెట్టే పాత బండ్ల ప్రదర్శనకు ఈసారి దరఖాస్తు ఫారంలో కొత్తగా ఒక గడి చేరింది: "ఇంజన్ పవర్ ఎంత?" దానికి తోడు, అన్నిటికంటే ఎక్కువ పవర్ ఉన్న బండికి ప్రత్యేక బహుమతి పెట్టాలని ఒక ప్రతిపాదన. ఈ రెండింటినీ మేము వ్యతిరేకిస్తున్నాం. మేము అంటే ఈ సంఘంలో పాత బండ్లు ఉంచుకుని, వాటిని నడుపుతూ, బాగు చేయించుకుంటూ ఉన్న కొద్దిమందిమి.

ఒక గడికి ఇంత గొడవ ఎందుకని అడుగుతారు. బహుమతి దేనికి పెడితే పిల్లలు దాని వెనకాలే పరిగెడతారు. ఇప్పటికే గ్రూపులో చూస్తున్నాం. "బాబాయ్, హెరాల్డ్‌లో ఆ పాత ఇంజన్ పీకేసి కొత్త టర్బో ఇంజన్ పెట్టేద్దాం, వంద గుర్రాలు దాటుతుంది" అని ఒకడు. "అవునన్నా, పోర్షె 911 లాగా దూసుకుపోతుంది" అని ఇంకొకడు. కింద వంద లైకులు. ఇలాంటి పని ఒకసారి చేస్తే మళ్లీ వెనక్కి రాదు. చాసిస్ కోస్తారు, ఇంజన్ మౌంట్లు మారుస్తారు, అసలు ఇంజన్ తుక్కు కొట్టుకు పోతుంది. పోయింది పోయినట్టే.

పిల్లలు పోర్షె పేరు ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 1964లో అమ్మకానికి వచ్చిన మొదటి 911లో ఉన్నది రెండు లీటర్ల ఇంజన్, 130 గుర్రాలు. ఇవాళ పెళ్లివాళ్లు వేసుకొచ్చే ఎస్‌యూవీల్లో కొన్నిటికి అంతకంటే ఎక్కువే ఉంటాయి. మరి ఆ ఎస్‌యూవీ గురించి 60 ఏళ్ల తర్వాత ఎవరైనా మాట్లాడుకుంటారా? ఆ 911 బరువు సుమారు 1,080 కిలోలు. పవర్ సాయం లేని స్టీరింగ్. టైర్లు మన చిన్న కార్ల టైర్లంత సన్నవి. రోడ్డు మీద గులకరాయి ఉంటే అరచేతికి తెలుస్తుంది. ఆ బండికి పేరు తెచ్చింది చేతికి తెలిసే ఈ రోడ్డు, పాదం కింద వెంటనే పలికే ఇంజన్.

పైగా ఆ 130 గుర్రాలూ ఎప్పుడూ ఉండవు. ఇంజన్ 6,100 ఆర్‌పీఎం దగ్గర తిరిగేటప్పుడు మాత్రమే వస్తాయి. కాగితం మీద అచ్చేసే హార్స్‌పవర్ ఒక్క చోటి శిఖరం. మనం ఊళ్లో, ఘాట్‌లో నడిపేది ఆ శిఖరానికి బాగా కింద. అక్కడ బండి ఎలా పలుకుతుందన్నది ఆ అంకె చెప్పదు. ఎంత బరువు, ఆ బరువు ముందు ఎంత, వెనక ఎంత, గేర్లు ఎలా అమర్చారు, సస్పెన్షన్ ఎలాంటిది అన్నవి చెబుతాయి. మీ ఫారంలో వీటిలో ఒక్కదానికైనా గడి ఉందా?

అంకెల మోజు ఉన్నవాళ్లకు అంకెలే చూపిస్తాం.

1965లో ఆల్ఫా రోమియో కంపెనీ తన జూలియా కూపేను రేసులకు తయారుచేసింది. పేరు జీటీఏ. ఆ చివరి "ఏ" ఇటాలియన్‌లో అల్లెజెరీటా, అంటే బరువు తగ్గించినది. ఇనుప రేకుల బదులు అల్యూమినియం రేకులు వేసి రెండు వందల కిలోల దాకా దించేశారు, 745 కిలోలకు తెచ్చారు. రోడ్డు మీదకు వచ్చిన బండిలో ఇంజన్ బలం 115 గుర్రాలు. ప్రపంచమంతా తలచుకునే ఆ కూపే తన గొప్పను పేరులోనే పెట్టుకుంది. అది పవర్ గొప్ప కాదు, తేలికదనం గొప్ప.

1973 పోర్షె కరేరా ఆర్‌ఎస్‌లో ఇంజన్ పెంచారు, నిజమే. 2.7 లీటర్లు, 210 గుర్రాలు. కానీ దాంతో ఆగలేదు. పలచటి రేకు, పలచటి అద్దం, లోపల అలంకారాలన్నీ తీసేసి, తేలిక రకాన్ని 960 కిలోలకు దించారు. వెనక చక్రాలు వెడల్పు చేశారు. గాలికి వెనక భాగం లేవకుండా బాతు తోక లాంటి రెక్క పెట్టారు. ఇంజన్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోలేదు.

1986 బీఎండబ్ల్యూ ఎం3 సంగతి ఇంకా బాగుంటుంది. ఆ కంపెనీ దగ్గర మంచి ఆరు సిలిండర్ల ఇంజన్లు సిద్ధంగా ఉన్నాయి. అయినా రేసుల కోసం తీసుకున్నది నాలుగు సిలిండర్లది. ఎందుకంటే అది పొట్టిది, ముక్కు మీద బరువు తక్కువ, ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకుంటుంది. ముక్కు తేలికైతే బండి మలుపులోకి సులువుగా తిరుగుతుంది.

పిల్లలు కార్టూన్లలో, వీడియోల్లో చూసి మురిసే టయోటా ఏఈ86 సంగతీ అంతే. 1983 బండి, 1.6 లీటర్ల ఇంజన్, 130 గుర్రాలు, టన్నుకు లోపు బరువు. అదే కంపెనీ 2012లో దాన్ని తలచుకుంటూ 86 పేరుతో కొత్త కూపే తెచ్చినప్పుడు 200 గుర్రాలతో ఆపేసింది. దానికి వేసింది కూడా మైలేజీ కారు ప్రియస్‌కు వాడే రకం టైర్లు. టైరు పట్టు మితంగా ఉంటే బండి ఎక్కడ జారబోతోందో తక్కువ వేగంలోనే నడిపేవాడికి తెలుస్తుందని, నేర్చుకుంటాడని. పవర్ అమ్ముకోవడం తెలియకనా వాళ్లు అలా చేసింది?

ఇప్పుడు మన షెడ్డుకు వద్దాం. స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. మన పెద్దల్లో ఎంతమంది పెళ్లి ఊరేగింపులు దాంట్లో జరిగాయో లెక్కలేదు. ఇంగ్లండులో అది ట్రయంఫ్ హెరాల్డ్. దాని చాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. 1966లో ఆ స్పిట్‌ఫైర్‌కు గట్టి కప్పు వేసి, రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టి జీటీ6 అనే కూపే చేశారు. అంటే మన హెరాల్డ్‌కు వరసకు తమ్ముడు. స్పిట్‌ఫైర్‌లో 63 గుర్రాలుంటే జీటీ6లో 95.

మన పిల్లలు చేయాలనుకుంటున్న పని సరిగ్గా ఇదే కదా: హెరాల్డ్ వంశపు చాసిస్ మీద పెద్ద ఇంజన్. మరి ఏమైంది? ముందు బరువు పెరిగింది, వేగం పెరిగింది, వెనక మాత్రం హెరాల్డ్ నుంచి వచ్చిన స్వింగ్ యాక్సిలే ఉంది. ఈ యాక్సిల్ పద్ధతిలో చక్రం డిఫరెన్షియల్ దగ్గరి కీలు ఆధారంగా పైకీ కిందికీ ఊగుతుంది. మలుపులో వేగంగా పోతూ భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీశారనుకోండి, బండి వెనక భాగం పైకి లేస్తుంది. బయటి చక్రం అడుగు భాగం లోపలికి ముడుచుకుంటుంది. పట్టు పోతుంది. వెనక భాగం విసురుగా పక్కకు తిరుగుతుంది. జీటీ6 మీద పత్రికలవాళ్ల ఫిర్యాదు ఇదే. కంపెనీ 1968లో రెండో రకం తెచ్చింది, వెనక సస్పెన్షన్ మార్చి. మందు ఇంజన్‌లో లేదు, వెనక చక్రాల దగ్గర ఉంది. ఇది ఫ్యాక్టరీలో ఇంజనీర్లు ఉండి, పరీక్షలు చేసి, డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. మనం రోడ్డు పక్క షెడ్డులో వెల్డింగ్ పెట్టి మళ్లీ నేర్చుకోవాలా? వాల్పారై ఘాట్‌లోనా నేర్చుకునేది?

బ్రేకుల సంగతీ చూడండి. తొలి హెరాల్డ్‌లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 40 గుర్రాలకు లోపు ఉన్న బండికి అవి సరిపోతాయి. 80లో వెళ్లే బండిని ఆపడానికి పుట్టే వేడి కంటే 100లో వెళ్లే బండిని ఆపడానికి పుట్టేది ఒకటిన్నర రెట్ల పైమాటే, ఎందుకంటే వేగం పెరిగిన దానికి వర్గంగా వేడి పెరుగుతుంది. దిగుడులో నాలుగు మలుపులు దాటేసరికి డ్రమ్ములు కాలి, పెడల్ తొక్కినా బండి ఆగదు. అప్పుడు వంద గుర్రాలు ఉన్నా పట్టుకోవడానికి పగ్గం ఉండదు.

ఎదుటి వాదన కూడా మాకు తెలుసు. "పవర్‌తో పేరు తెచ్చుకున్న కూపేలు లేవా? 1961 జాగ్వార్ ఈ-టైప్ లేదా? 1975 పోర్షె టర్బో లేదా?" ఉన్నాయి, అవీ గొప్పవే. ఈ-టైప్‌కు కంపెనీ చెప్పిన లెక్క 265 గుర్రాలు. కానీ దానికి ఆ రోజుల్లోనే నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఇచ్చారు, వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చారు. పోర్షె టర్బో 260 గుర్రాలతో మొదలైంది. 1978లో ఇంజన్ 3.3 లీటర్లకు పెంచినప్పుడు రేసు బండి 917 తరహా బ్రేకులు బిగించారు. అయినా ఆ బండికి దడిపించే పేరే వచ్చింది. టర్బో ఊపందుకునేదాకా ఏమీ ఉండదు, అందుకున్నాక మలుపు మధ్యలో ఒక్కసారిగా తంతుంది. మేము పవర్‌కు శత్రువులం కాము. పవర్ ఒక్కటే పెంచి మిగతాదంతా వదిలేయడానికి శత్రువులం.

"మరి పాత ఇంజన్‌తో మజా ఏముందన్నా, లారీలు కూడా ఓవర్‌టేక్ చేస్తాయి" అంటారు. వాల్పారై దారిలో 40 హెయిర్‌పిన్ మలుపులు, కొల్లి కొండల దారిలో 70. ఆ మలుపుల్లో రెండో గేర్‌లో ముప్పై దాటితే గొప్ప. అక్కడ 300 గుర్రాల బండిలో 250 గుర్రాలు పడుకునే ఉంటాయి. చిన్న ఇంజన్ బండిలో ఉన్నవన్నీ పనిచేస్తాయి. గేర్ ఎప్పుడు దించాలో, ఊపు ఎక్కడ నిలుపుకోవాలో, కాలు ఎప్పుడు ఎత్తకూడదో నడిపేవాడే తేల్చుకోవాలి. బండి చేసే పనిలో సగం మన చేతుల మీదుగా జరుగుతుంది. డ్రైవింగ్ ఫీల్ అని పిల్లలు ఇంగ్లీషులో అనేది దీన్నే. అది కావాలంటే ఇంజన్ మార్చక్కర్లేదు. కార్బురేటర్ సరిగ్గా ట్యూన్ చేయించండి, స్టీరింగ్ ఆట తీయించండి, బుష్‌లు మార్పించండి, మంచి టైర్లు వేయించండి. బండి మాట వింటుంది.

ఈ సంగతి కోవై వాళ్లకు వేరేవాళ్లు చెప్పాలా? మన ఊరి కరివర్ధన్ గారు తయారుచేసిన ఫార్ములా మారుతి రేసు కారులో ఉన్నది మారుతి 800 ఇంజన్. రోడ్డు మీది కారులో దాని బలం 40 గుర్రాలకు లోపే. దాన్ని తేలికైన సింగిల్ సీటర్‌లో పెట్టారు. నారాయణ్ కార్తికేయన్ రేసుల్లో తొలి అడుగులు వేసింది ఫార్ములా మారుతిలోనే. 2005లో ఆయన ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ గారు 1995లో పోయారు. ఆయన పేరు మీద చెట్టిపాళయంలో ట్రాక్ ఉంది. ఆ ట్రాక్ ఉన్న ఊళ్లో మనం గుర్రాల లెక్కకు కప్పు ఇస్తామా?

ఇక చట్టం మాట. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు దొరుకుతుంది. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మన హెరాల్డ్‌లు, ఫియట్‌లు చాలావరకు ఈ వయసుకు వచ్చేశాయి, వస్తున్నాయి. ఇంజన్ పీకిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది. ఆర్‌సీలో ఉన్నదానికీ బానెట్ కింద ఉన్నదానికీ పొంతన లేకపోతే ఆర్‌టీవో దగ్గర ఒక తంటా, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇంకో తంటా.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. కార్బురేటర్ చప్పుడు విని జెట్ ఎంత తిప్పాలో చెప్పగల మెకానిక్‌లు మన ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. పాత ఇంజన్లు తుక్కుకు పోతే ఆ చేతులకు పని పోతుంది, నేర్చుకునేవాడు ఉండడు. ఆ తర్వాత మనం ఎంత ఏడ్చినా ఆ విద్య తిరిగి రాదు.

అందుకని కమిటీ పెద్దలకు మా కోరికలు ఇవి. ఫారంలో పవర్ గడి కొట్టేయండి. దాని చోట "అసలు ఇంజన్ ఉందా? నడుస్తోందా?" అని అడగండి. ప్రత్యేక బహుమతి అసలు ఇంజన్‌తో సొంతంగా నడిచి వచ్చిన బండికి ఇవ్వండి, ట్రాలీ మీద వచ్చినదానికి వద్దు. దానితో సమానమైన శాలువా ఆ బండిని బతికించిన మెకానిక్‌కు, వేదిక మీదే కప్పండి. మీటింగుకు ముందు పిల్లల్ని ఒక ఆదివారం అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు గారి ట్రస్టు కార్ మ్యూజియానికి తీసుకెళ్దాం, ఖర్చు మేము పెట్టుకుంటాం.

పిల్లలకు ఒక్క మాట. మీకు వేగం కావాలంటే తప్పు లేదు నాయనా. కొత్త బండి కొనుక్కోండి, హెల్మెట్ పెట్టుకుని ట్రాక్‌కు వెళ్లండి, మేమూ వచ్చి చప్పట్లు కొడతాం. తాత బండి ఇంజన్ జోలికి మాత్రం పోవద్దు. అది మీ ఒక్కరిదే కాదు, మీ పిల్లలది కూడా.

కమిటీ మీటింగులో ఈ విషయం ఓటుకు వస్తుంది. లైకు కొట్టి ఊరుకోకండి. వచ్చి చెయ్యెత్తండి.