మీకెంత వచ్చినది?

2021వ సంవత్సరము ఏప్రిల్, మే మాసములలో కోవిడ్ రెండవమారు విజృంభించినపుడు మన ఇండ్లలో నొక క్రొత్త కుశలప్రశ్న పుట్టినది. "ఎట్లున్నారు?" అను మాట పోయి "మీకెంత వచ్చినది?" అనుట వచ్చెను. పరీక్షాఫలములు తెలిసిన నాడు విద్యార్థులు వేసికొను ప్రశ్నయే యిది. ఈమారు అడిగినవారు పెద్దలు. వారడిగినది ఊపిరితిత్తుల సి.టి. స్కానులో 25కు వచ్చిన అంకె.

ఆ అంకె యెట్లు వేయుదురో చాలమంది యెరుగరు. ఊపిరితిత్తులకు కుడివైపున మూడు, ఎడమవైపున రెండు భాగములు గలవు. ఒక్కొక్క భాగము ఎంతమేర చెడినదో చూచి, 5కు మించకుండ అంకె వేసి, అన్నిటిని కూడుదురు. స్కాను తీసిన నాటి స్థితినే యది చెప్పును. మరునాటి సంగతి చెప్పదు. వ్యాధి స్వల్పముగా నున్నవారికి ఈ స్కాను వలదని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సంచాలకులు ఆ మే మాసముననే హెచ్చరించిరి. ఐనను జనులు ర్యాంకులవలె దానిని చూచుకొనుచునే యుండిరి.

నేనును అట్టివాడనే. నాకు 12, నాతో పనిచేయు నొక ఉపాధ్యాయునకు 7. ఆయనను జూచి నాకు అసూయ కలిగినదని చెప్పుటకు సిగ్గగుచున్నది. టెలిఫోనులో మాత్రము "మాస్టరుగారూ, మీకు ఏడే గదా, భయమేల?" అంటిని. "మీ పండ్రెండు ముందు నా ఏడెంతలెండి!" అని ఆయన నవ్విరి. నా అంకె ఆయనకు ధైర్యమయ్యెను. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు ఆయన యింటను గలదు. 94కు దిగువకు వచ్చినచో వైద్యునకు చెప్పవలెనని ఆయనయు వినియుండిరి. 92 వచ్చిన నాడు ఆయాసము లేకుండుటచే, నాకంటె మేలుగా నున్నానను నమ్మకముతో ఊరకుండిరి. ఈ వ్యాధిలో రక్తమున ప్రాణవాయువు తగ్గుచున్నను కొందరికి ఆయాసము తోచదు. మూడవ దినమున ఆస్పత్రిలో చేర్చిరి. తిరిగి రాలేదు.

పోల్చుటయే తప్పని నేననను. నిన్నటి 97తో నేటి 94ను పోల్చినవారు బాగుపడిరి. పూటపూటకు అంకెలను పిల్లల నోటుపుస్తకములలో వ్రాసియుంచిన తల్లులు చేసినది ఆ పనియే. పొరుగువాని అంకెలో వాని వయస్సు, వాని మధుమేహము, వాని జ్వరమునకు ఎన్నవ దినమో అన్నియు కలిసియుండును. "మాకేమి కాలేదు, మీకేమగును?" అని కోలుకొన్నవారు చెప్పిన ధైర్యమును ఇట్టిదే. వారు మంచి మనస్సుతోనే చెప్పిరి. నేనును అట్లే చెప్పితిని.

ఇప్పుడెవరైన జ్వరముతో టెలిఫోను చేసినయెడల, నిన్న ఎట్లుండెనని ముందడుగుదును. నా పండ్రెండు సంగతి యెత్తను.