వేలంపాట నాడు మేం ఎవరి పక్కన కూర్చున్నాం

2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీ అరేబియాలోని జెద్దాలో ఐపీఎల్ ఆటగాళ్ల వేలం జరిగింది. రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు, మన హైదరాబాద్ పిల్లగాడు మహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ 12.25 కోట్లకు పాడుకున్నాయి. ఆ రెండు రోజులూ బెల్లంపల్లి చాయ్ హోటళ్ల దగ్గర, యూనియన్ ఆఫీసుల ముందర, షిఫ్టు దిగి వచ్చినవాళ్ల నోట ఒకటే ముచ్చట: ఎవరి రేటు ఎంత పలికింది, ఏ జట్టు చేతిలో ఇంకా ఎన్ని కోట్లు మిగిలాయి. ఏడు సీజన్లు బెంగళూరుకు ఆడిన సిరాజ్ గుజరాత్‌కు పోవాల్సి వచ్చిందే, ఎటు పోతావని అతన్ని ఎవరన్నా అడిగారా అని ఒకరు అంటే, "పన్నెండు కోట్లొస్తున్నయ్, ఇంకేం గావాలె?" అని పదిమందిమి కలిసి ఆ నోరు మూయించాం.

ఆ మాట ఇంకెవరన్నా అనొచ్చు. బొగ్గు బాయి మీద బతికిన మేం అనకూడదు. మమ్మల్ని మా తండ్రుల కాలం నుంచీ అంటున్న మాట అదే.

సమ్మె నోటీసు ఇచ్చిన ప్రతిసారీ విన్నాం. ఊరికి పోతే చుట్టాలు అంటారు, బస్సులో పక్క సీటాయన అంటాడు: సింగరేణోళ్లకేంది, పెద్ద జీతం, దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్, ఉండటానికి క్వార్టరు, ఇంకేం గావాలె వీళ్లకు? జీతం ఎంత అన్నది ఒక లెక్క, మనిషిని ఎట్లా చూస్తున్నారన్నది ఇంకో లెక్క అని మేం వాళ్లకు ఓపిగ్గా చెప్పేవాళ్లం. 1981లో 56 రోజుల సమ్మె దేనికోసం జరిగింది? చెప్పకుండా ఒక్కరోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నిబంధన మీద. రూపాయల లెక్కే చూసుకుంటే ఆ 56 రోజుల్లో పోగొట్టుకున్నదే ఎక్కువ. పొయ్యి వెలగని ఇళ్లు ఎన్నో. అయినా నిలబడ్డారు. కూలి చేతిలో పెట్టినంత మాత్రాన మనిషి మీద సర్వహక్కులూ వచ్చేస్తాయా అన్నదే ఆ సమ్మె అడిగిన ప్రశ్న. అది అడిగినవాళ్ల పిల్లలం మేం.

తర్వాత బెల్లంపల్లి బాయిలు ఒక్కొక్కటీ మూతబడ్డాయి. 1920ల చివర మొదలైన తవ్వకం మా కళ్ల ముందే ఆగిపోయి, ఏరియా ఉత్పత్తి గోలేటి వైపు ఓపెన్‌కాస్టులకు పోయింది. సింగరేణి కంపెనీలో ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. బాయి మూతబడితే మనిషి శ్రీరాంపూర్‌కో, గోదావరిఖనికో, భూపాలపల్లికో పోవాలి. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. కానీ భార్య ఒకచోట, పిల్లల బడి ఒకచోట, ముసలి తల్లి ఇంకోచోట. ఆ రోజుల్లో బదిలీ కాగితం పట్టుకుని ఇంటికొచ్చిన మనిషి ముఖం చూసి, జీతం వస్తది కదా అని అన్నవాళ్లు ఉంటే మేం క్షమించి ఉండేవాళ్లమా?

సిరాజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తండ్రి ఆటో నడిపి పెంచిన కొడుకు. 2017 వేలంలో 20 లక్షల కనీస ధరతో పేరిస్తే హైదరాబాద్ జట్టు 2.6 కోట్లకు తీసుకుంది. మరుసటి ఏడు బెంగళూరు పాడుకుంది. అప్పటి నుంచి సొంత ఊరి జట్టు చొక్కా అతని ఒంటిమీదికి రాలేదు. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ తరఫున బెంగళూరు మైదానంలోనే బెంగళూరు మీద బంతి వేయాల్సి వచ్చింది. మూడు వికెట్లు తీశాడు, మనసు కదిలిపోయిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. మేం ఆ వికెట్లు చూసి కసి తీర్చుకున్నాడని చప్పట్లు కొట్టాం. ఆ మాట చెప్పినప్పుడు అతని గొంతులో ఉన్నది వినలేదు.

ఈ పద్ధతి ఎట్లా నడుస్తుందో మాకు తెలియనిది కాదు. ఆటగాడు ఉన్నచోటు వద్దనుకుని వేలానికి పేరివ్వొచ్చు. ఎక్కడికి పోవాలో చెప్పే వీలు మాత్రం లేదు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల దగ్గరికి. కొన్ని వేలాల్లో పాత జట్టుకు ఇష్టమైతే అంతే ధర పెట్టి వెనక్కి తీసుకునే హక్కు ఉంటుంది. అటువంటి హక్కు ఆటగాడికి ఏదీ లేదు. 2010లో రవీంద్ర జడేజా తన జట్టుతో ఒప్పందం ఖరారు చేసుకోకుండా వేరే జట్టుతో మాట్లాడుకోబోయాడని ఆ సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. 2025 మార్చిలో ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ బ్రూక్, ఢిల్లీ 6.25 కోట్లకు తీసుకున్నాక, తన దేశ జట్టు మీద దృష్టి పెట్టాలని రానన్నాడు. రెండేళ్ల నిషేధం. గాయం లేకుండా తప్పుకుంటే ఇంతే అని నిబంధన ముందే ఉంది. డబ్బు తీసుకున్నాక రానంటే ఎట్లా అని మేం ఆ శిక్షను మెచ్చుకున్నాం. నాగా పెడితే ఎంత శిక్ష న్యాయం, ఎంత శిక్ష జులుం అని 56 రోజులు వాదించిన ఊళ్లలో ఆ రెండేళ్లు ఎక్కువా తక్కువా అని మాట్లాడుకున్న పాపాన పోలేదు.

వీవీఎస్ లక్ష్మణ్ విషయంలోనైనా మేం మాట్లాడాల్సింది. 2008లో మొదటి వేలం ముందు, పెద్ద ఆటగాళ్లకు సొంత ఊరి జట్టులో ఐకాన్ హోదా ఇచ్చారు. ఆ హోదా ఉన్నవాడికి జట్టులో అందరికంటే ఎక్కువ డబ్బు. లక్ష్మణ్ దాన్ని వదులుకున్నాడు, ఆ డబ్బుతో హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ మంచి ఆటగాళ్లను కొనుక్కుంటుందని. 2011 వేలానికి వచ్చేసరికి ఆ జట్టు ఎవరినీ అట్టిపెట్టుకోలేదు. లక్ష్మణ్‌ను కొచ్చి తీసుకుంది. ఆ కొచ్చి జట్టు కూడా ఒక్క సీజన్‌తో రద్దయింది. 2012 వేలంలో అతన్ని ఎవరూ పాడలేదు. జట్టు కోసం తన పైసలు వదులుకున్న మనిషిని జట్టు వదులుకుంటే, మేం వయసైపోయిందిలే అన్నాం. బాయిలో ముప్పై ఏళ్లు చేసి అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చిన తండ్రులను చూసిన కళ్లే ఇవి.

మేం ఎప్పుడు ఇట్లా అయ్యామని ఆలోచిస్తే నాకు ఒకటే కనబడుతుంది. వేలంపాట మమ్మల్ని యజమాని కుర్చీలో కూర్చోబెట్టింది. టీవీలో ఆ బల్లల ముందు కూర్చున్న కోటీశ్వరుల లెక్క మా లెక్క అయిపోయింది. వాడికి అంత పెట్టడం దండగ, వీడు చవకగా దొరికాడు, పర్సు ఇంకా ఉంది కదా, అతన్ని వదిలేసి ఇతన్ని తీసుకోవాల్సింది. ఇవన్నీ నెలజీతం మీద బతికే మనుషుల నోట వచ్చిన మాటలు. ఆ మీదట ఫోన్లలో జట్లు కట్టే ఆటలు వచ్చాయి. బస్తీల్లో పిల్లలు పొద్దున లేస్తే ఆటగాళ్లను పాయింట్లకు కొనడం, మ్యాచ్ అయ్యాక తిట్టడం. పక్కన పందేలు. జీతాలు పోయిన ఇళ్లు, అప్పులపాలైన పిల్లలు మాకు తెలుసు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసేదాకా మా సంఘాలుగానీ మేంగానీ ఆ పిల్లలను కూర్చోబెట్టి గట్టిగా మాట్లాడింది లేదు. డబ్బు నష్టం సంగతి అట్లుంచితే, సాటి శ్రామికుణ్ని సరుకుగా చూడటం వాళ్లకు అక్కడే అలవాటైంది. మేమే అలవాటు కానిచ్చాం.

ఇంగ్లండ్‌లో 1960 ప్రాంతంలో జరిగిన ఒక సంగతి మా బాయిల మీద ప్రతి గేటు మీటింగులో చెప్పదగ్గది. అప్పట్లో అక్కడ ఫుట్‌బాల్ ఆటగాడికి వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వకూడదని నియమం. ఒప్పందం ముగిసినా క్లబ్బు వదలకపోతే వేరే జట్టుకు పోలేడు. దాని మీద మాంచెస్టర్‌లో ఆటగాళ్ల సంఘం సమావేశమైతే, చిన్న జట్టు కుర్రాడొకడు లేచి, మా నాన్న బొగ్గు గనిలో చేస్తాడు, ఆయనకంటే నాకే ఎక్కువ వస్తోంది, ఇది చాలు అన్నాడట. బోల్టన్ జట్టు ఆటగాడు టామీ బ్యాంక్స్, బొగ్గు ప్రాంతపు మనిషే, దానికి జవాబిచ్చాడు: మీ నాన్న పని నేను చేయగలను, కానీ ముప్పై వేలమంది ముందు స్టాన్లీ మాథ్యూస్ లాంటి ఆటగాణ్ని ఆపడం మీ నాన్నకు చాతకాదు. ఆ మాటతో సభ తేలిపోయిందంటారు. 1961 జనవరిలో ఆ 20 పౌండ్ల పరిమితి పోయింది. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో, ఆటగాణ్ని అట్లా కట్టిపడేసే పద్ధతి న్యాయం కాదని కోర్టు చెప్పింది. గని కార్మికుడి కష్టాన్ని చూపించి ఆటగాడి నోరు మూయించడం ఆ రోజే చెల్లలేదు. అరవై ఏళ్ల తర్వాత బెల్లంపల్లిలో మేం దాన్ని చెలామణి చేస్తున్నాం, అదీ మా తండ్రుల కష్టాన్నే అడ్డం పెట్టి.

అమెరికాలో కర్ట్ ఫ్లడ్ కథ ఇంకా బరువైంది. బేస్‌బాల్‌లో ఏడాదికి 90 వేల డాలర్లు తీసుకునే మేటి ఆటగాడు. 1969 అక్టోబరులో అతన్ని అడగకుండా సెయింట్ లూయిస్ నుంచి ఫిలడెల్ఫియాకు మార్చారు. పోనన్నాడు, కోర్టుకెళ్లాడు. సుప్రీంకోర్టు దాకా పోయి 1972లో ఓడిపోయాడు, ఆట జీవితం అప్పటికే అయిపోయింది. విచారణలో అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ లాంటి రిటైరైన పెద్దలు వచ్చారు. ఆ రోజుల్లో ఆడుతున్నవాడు ఒక్కడూ రాలేదు. మూడున్నరేళ్లకు వేరే ఇద్దరు ఆటగాళ్ల ఫిర్యాదు మీద, 1975లో, ఆ తలుపు తెరుచుకుంది. ఇవాళ అక్కడ కొన్నేళ్లు ఆడినవాడు నచ్చిన జట్టును ఎంచుకోగలడంటే ఫ్లడ్ పోగొట్టుకున్న దాంట్లోంచే. రాని ఆ ఆటగాళ్లను తప్పుపట్టబోతే నా చేయి నా వైపే తిరుగుతోంది.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. 27 కోట్లవాడి బాధా, మూడో షిఫ్టులో నీళ్లు కారే చోట పనిచేసేవాడి బాధా ఒకటి కావు. ఒకటని ఎవరన్నా అంటే నాకూ కోపం వస్తుంది. జట్ల బలం సమంగా ఉండాలన్న వాదనలోనూ నిజం ఉంది, లేకపోతే డబ్బున్న రెండు జట్లే అందరినీ తీసుకుపోతాయి. కానీ ఆ పని చేయడానికి జట్టు ఖర్చు మీద పరిమితి ఉండనే ఉంది, 2024 వేలంలో అది 120 కోట్లు. ఆ పరిమితిలోపల, అయిదారేళ్లు ఆడినవాడికి ఇద్దరు ముగ్గురు పిలిస్తే ఎటు పోవాలో తనే తేల్చుకునే హక్కు ఇస్తే ఏ లీగూ కూలిపోదు.

పైగా నిబంధన పంత్ ఒక్కడికే కాదు. 30 లక్షల కనీస ధరతో పేరిచ్చి, ఎవరూ చేయెత్తక ఇంటికి పోయే పిల్లగాడికీ అదే. కబడ్డీలోనూ అదే. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు పాడుకుంటే ఆ రికార్డు చూసి మురిసిపోయాం. 2025 వేలంలో అతని ధర 60 లక్షలకు దిగువన పడింది. అంత పెద్ద ఆటగాడి గతే అట్లుంటే, మా మంచిర్యాల, ఆసిఫాబాద్ పల్లెల మట్టి కోర్టుల్లో కూత పెట్టే పిల్లలకు ఎవరు దిక్కు? రేపు వాళ్లలో ఒకడు వేలానికి పోతే, తల్లి ఒంట్లో బాగాలేదు, దగ్గర జట్టులో ఉంటానని అడిగే దారి ఏది? పైనున్నవాడి మీద జాలి అక్కర్లేదని మేం తీసిపారేసిన హక్కు కింద ఉన్నవాడికి అసలు పుట్టనే లేదు.

ఇది ఆటతో ఆగలేదని ఒప్పుకోవడమే నాకు కష్టంగా ఉంది. 2024 సెప్టెంబరులో లాభాల వాటా కింద పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు ప్రకటించారు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఇచ్చింది 5 వేలు. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము. అప్పుడు మాలో ఎక్కువమందిమి ఏమన్నామో గుర్తుంది: ఈసారి అదన్నా వచ్చింది కదా, ఇంకేం గావాలె? కాంట్రాక్టరు మారినప్పుడల్లా తన పని ఉంటుందో పోతుందో తెలియని మనిషితో ఆ మాట అన్నాం. 2022లో వాళ్లు సమ్మెకు దిగినప్పుడు మాలో ఎంతోమందిమి మస్టరు పడ్డాక పక్కనుంచి నడిచి బాయి దిగిపోయాం. కోట్లు వచ్చేవాడితో అన్న మాటనే వేలు వచ్చేవాడితోనూ అన్నామంటే, ఆ మాటకు డబ్బుతో పనిలేదు. అడిగినవాడు మనవాడు కాడనుకున్నాం, అంతే.

ఐపీఎల్ ఆడే భారత క్రికెటర్లకు ఇవాళ్టికీ సంఘం లేదు. 2019లో పెట్టిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం రిటైరైనవాళ్లకే. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో ఆడుతున్నవాళ్ల సంఘాలు బోర్డుతో కూర్చుని ఒప్పందాలు చేసుకుంటాయి. మన దగ్గర పేరు మోసినవాడు కూడా ఒంటరిగానే సంతకం పెడతాడు. సంఘం లేకుండా సంతకం పెట్టడం ఏమిటో ఈ దేశంలో మాకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ. మా సభల్లో కరెంటు చార్జీల మీద తీర్మానాలు చేశాం, ప్రైవేటుకిచ్చే బొగ్గు బ్లాకుల మీద చేశాం, ఎక్కడో జరిగే యుద్ధాల మీద కూడా చేశాం. ఆటగాళ్లకూ సంఘం ఉండాలని ఒక తీర్మానం రాయడానికి ఒక కాగితం, సాయంత్రం ఒక గంట చాలు. అది కూడా మేం చేయలేదు.